పసిబిడ్డల మూర్ఛవ్యాధి – మెదడు వ్రాసెడి చిట్టా
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ ఉత్సవమున విదురనీతిని గూర్చి ప్రసంగింపుమని మన కార్యదర్శిగారు నెలదినముల క్రిందటనే నన్ను కోరినారు. నేనును సరేయంటిని. కాని కాగితము ముందిడుకొని కూర్చుండగా మనస్సు విదురునిపై నిలువలేదు. నీతులు చెప్పుటకు ముందు నేను చేసిన తప్పొకటి చెప్పుకొనవలెనని తోచినది. కార్యదర్శిగారి అనుమతితో విషయమును మార్చుకొంటిని. విదురుని వచ్చే యేటికి వాయిదా వేసితిమి.

నేను వైద్యుడను గాను. పొలముల లెక్కలు, నీటితీరువా లెక్కలు వ్రాయుచు ముప్పది యేండ్లు గడపినవాడను. బడిచదువు పదవ తరగతితో ఆగినది. ఆపై నేర్చినదంతయు ఈ గ్రంథాలయపు బీరువాల చలువయే. కనుక నేను చెప్పబోవునది పుస్తకములలో చదివినదియు, వైద్యులనడిగి తెలిసికొన్నదియు, కన్నులార చూచినదియు మాత్రమే.

నాలుగేండ్ల క్రిందట మా అమ్మాయి పురిటికి మా యింటికి వచ్చి ఆడుబిడ్డను కన్నది. నెలలు నిండి పుట్టిన పిల్ల. మూడవ నెలలో నవ్వినది, నాలుగవ నెలలో బోరగిలబడినది. ఆరవ నెల వచ్చినది. ఒకనాటి ప్రొద్దున నిద్రలేచిన వెంటనే ఆ పిల్ల తటాలున తల ముందునకు వంచి, రెండు చేతులును ఎత్తి దగ్గరకు తెచ్చి, మరల సర్దుకొన్నది. నాలుగు క్షణములాగి మరల నట్లే చేసినది. అట్లు పది పండ్రెండు మారులు. అప్పుడు నేను పూజ చేయుచుంటిని. "చూశారా, పిల్ల దేవుడికి దణ్ణం పెడుతోంది!" అని మా యింటావిడ మురిసిపోయినది. నేనంతకు రెండింతలు మురిసితిని. ప్రహ్లాదుడు తల్లి గర్భముననే నారదుని బోధ విన్నాడని భాగవతములో చదువుకొన్నవాడను గదా! వీధిలోనివారిని పిలిచి చూపితిని. సెల్‌ఫోనులో వీడియో తీసి బంధువులందరకు పంపితిని.

మా అమ్మాయికి మాత్రము అది నచ్చలేదు. "నాన్నా, దణ్ణం పెట్టిన తరువాత ప్రతిసారీ ఏడుస్తోంది. మొహం కూడా ఏదోలా పెడుతోంది" అన్నది. "తొలిచూలు తల్లివి, నీకన్నీ భయాలేనమ్మా" అని నేను త్రోసివేసితిని. దినములు గడచినవి. నమస్కారములు పెరిగినవి. తల్లి ముఖము చూచి నవ్వుట తగ్గినది. బోరగిలబడుట మానినది. పక్షిదోషమని యొకరనిరి, తాయెత్తు కట్టించితిమి. పొట్టపై వాత పెట్టించుమని మరియొకరు చెప్పగా మా అమ్మాయి బిడ్డను గుండెకు హత్తుకొని గదిలోనికి పోయి తలుపు వేసికొన్నది. ఆనాడు ఆ తలుపు వేసికొన్నదే మేలయినది.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. చరకుడు దీనిని అపస్మారమనినాడు. స్మృతి తొలగిపోవుట యని ఆ మాటకర్థము. వాత పిత్త కఫములవలన మూడును, మూడును కలిసిన సన్నిపాతమువలన ఒకటియు, వెరసి నాలుగు విధములని విభజించినాడు. అనగా దేహములోని కారణమును వెదకినాడన్నమాట. సుశ్రుతుడు ఉత్తరతంత్రములో పసిబిడ్డలను పట్టు తొమ్మిది గ్రహములను చెప్పుచు స్కందాపస్మారమును, శకునిని కూడ పేర్కొన్నాడు. శకుని యనగా పక్షి. మనవారి పక్షిదోషము ఆ శకునినుండియే దిగివచ్చినదేమో యని నాకు తోచును. పండితులు ఔనన్నను కాదన్నను నాకు సమ్మతమే. పెద్దవారి మూర్ఛను మన పల్లెలలో కాకిసొమ్మ యనిరి. చిదంబరమున నటరాజస్వామి పాదము క్రింద అణగియున్న మరుగుజ్జు పేరును అపస్మారుడే. గ్రీకుదేశమున హిపోక్రటీసు పేర వెలసిన యొక గ్రంథమైతే, ఈ వ్యాధి దేవతలు పంపినది కాదు, దీని పుట్టుక మెదడునందని సుమారు 2400 ఏండ్ల క్రిందటనే తేల్చి చెప్పినది. ఇన్ని పుస్తకములు చదివినవాడను, నా యింట జబ్బు నమస్కార రూపమున వచ్చిన గుర్తింపలేకపోతిని.

నావలె మోసపోని తండ్రియొకడు 1841వ సంవత్సరమున ఇంగ్లండులో నుండెను. ఆయన పేరు విలియం జేమ్స్ వెస్టు. కెంటు మండలములో టన్‌బ్రిడ్జి యను ఊరిలో వైద్యుడు. తన కొడుకు నాలుగు నెలల వయస్సువరకు ఆరోగ్యముగా నుండి, పిమ్మట తల ముందునకు వంచుట మొదలిడెననియు, అది క్రమముగా దేహమంతయు ముడుచుకొను వరకు పెరిగెననియు, ఒక్కొక్క విడతకు పది యిరువది సార్లు వచ్చుచున్నదనియు, బిడ్డ నవ్వు మానెననియు 'లాన్సెట్' అను వైద్యపత్రికకు లేఖ వ్రాసెను. జలగలు పట్టించెను, విరేచనములిచ్చెను, నల్లమందు వేసెను. దేనివలనను గుణము కలుగలేదు. ఇట్టి బిడ్డలను చూచినవారెవరైన నున్నచో తెలుపుడని తోడి వైద్యులను వేడుకొనెను. లండనులో ఆయన సంప్రతించిన పెద్ద వైద్యుడొకడు ఈ వ్యాధికి పెట్టిన పేరు వినుడు: సలాం మూర్ఛ! నేను నమస్కారమని మురిసినదానినే వారు సలామనిరి. భేదమేమనగా, వారికది వ్యాధియని తెలియును. నేడు వైద్యులు దీనిని వెస్టు సిండ్రోమని ఆ తండ్రి పేరిటనే పిలుచుచున్నారు. రెండు మూడు వేలమంది శిశువులలో ఒకరికి వచ్చునట్టిది. పెక్కుమందికి మొదటి యేడు నిండకముందే వచ్చును.

వెస్టునకు లేక మనకున్న సాధనమొకటి కలదు. దానిని ఇ.ఇ.జి. యందురు. మెదడు తరంగములను పటముగా వ్రాయు యంత్రము. దాని పుట్టుక కొంచెము చెప్పెదను.

మన మెదడులోని కణములు ఒకదానితోనొకటి విద్యుత్తు ద్వారా మాటాడుకొనును. 1875లో లివర్‌పూలు నగరమున రిచర్డు కేటన్ అను వైద్యుడు కుందేళ్ళయొక్కయు కోతులయొక్కయు మెదడులపై తీగలుంచి, ఆ సన్నని విద్యుత్తును మొదట కనిపెట్టెను. మనుష్యుని తలపైనుండి దానిని పట్టినవాడు జర్మనీలో జెనా నగరమునందలి హాన్సు బెర్గరు. ఈయన కథ చిత్రమైనది. యౌవనమున సైన్యములో నుండగా గుఱ్ఱముతో కూడ ఫిరంగిబండి చక్రముల ముందు పడి, త్రుటిలో తప్పించుకొనెను. ఆ సాయంకాలమే తండ్రివద్దనుండి కుశలమడుగుచు తంతి వచ్చెను. దూరముననున్న అక్క తమ్మునికేదో ఆపద వాటిల్లినదని పట్టుపట్టి పంపించినదట. మనస్సునుండి మనస్సునకు వార్త యెట్లు పోవునో తెలిసికొనవలెనని ఆయన మెదడును పరిశోధింప మొదలిడెను. వెదకినది దొరకలేదు, వెదకనిది దొరకెను! 1924లో మనుష్యుని మెదడు తరంగములను మొదటిసారి పట్టెను. తన కుమారుని తలపైనను పరీక్షించెను. ఇది నిజముగ మెదడునుండియే వచ్చుచున్నదా, చర్మమునుండియా, రక్తమునుండియా యని తన్నుతానే శంకించుకొనుచు ఐదేండ్లు పెదవి విప్పక, 1929లో గాని ప్రకటింపలేదు. అప్పటికిని లోకము నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో నోబెలు బహుమాన గ్రహీత యగు ఏడ్రియనును ఆయన సహచరుడు మాథ్యూసును చేసి చూపిన పిదపనే నమ్మినది.

ఆ విద్యుత్తు ఎంత సన్ననిదో వినుడు. చేతిదీపములో వేయు బ్యాటరీ శక్తి ఒకటిన్నర వోల్టులు. పుఱ్ఱెపై దొరకు తరంగము సాధారణముగ దానిలో ముప్పదివేలవ వంతు. మేలుకొని కన్నులు మూసికొనియున్న పెద్దవారికి తల వెనుకభాగమున ఈ తరంగములు సెకనునకు ఎనిమిది మొదలు పదమూడు వరకు లేచును. పసివారి లెక్క వేరు. నాలుగు నెలల బిడ్డకు సెకనునకు మూడు నాలుగే. ఏడాది బిడ్డకు ఆరు. మూడేండ్లకు ఎనిమిది. పదేండ్లకు పది. కనుక పెద్దవారి పటములు చదువు అలవాటుతో పసివారి పటము చదివినచో పొరపాటు వచ్చును. మాగాణి లెక్కను మెట్ట అడంగలులో వ్రాసినట్లుండును.

మూర్ఛ వచ్చునపుడు మెదడులోని కణములు తమతమ పనులు విడిచి ఒక్కపెట్టున కేకలు పెట్టును. సంతలో మాటలవంటిది మామూలు పటము. అందరు నొక్కమారు అరచినట్లుండునది మూర్ఛ పటము. అప్పుడు సూదిమొనలవంటి గీతలు లేచును. 1935లో అమెరికాలోని బోస్టనులో గిబ్సు, డేవిసు, లెన్నాక్సు అను ముగ్గురు, కన్నులు తెరచుకొనియే కొన్ని క్షణములు స్పృహ తప్పు పిల్లల పటములలో సెకనునకు మూడేసి చొప్పున మొనయు అలయు జంటగా వచ్చుట కనిపెట్టిరి. 1952లో గిబ్సు దంపతులు, వెస్టు లేఖలో వర్ణించినట్టి బిడ్డల పటమునకు హిప్సరిత్మియా యని పేరు పెట్టిరి. హిప్సోసనగా గ్రీకున ఎత్తు. ఎత్తైన అలలు తాళము తప్పి, ఏది యెచ్చట లేచునో తెలియక పటమంతయు తుపానువేళ సముద్రమువలె నుండును. ఆ పటము నేను చూచితిని. మా మనుమరాలిది.

ముప్పదవ దినమున మేము సమీప పట్టణమునకు పోతిమి. బిడ్డకు ఇ.ఇ.జి. తీయించుమనిరి. ఒకచోట తీయించితిమి. బిడ్డ ఏడ్చుచునే యున్నది, పట్టి యుంచి పది నిమిషములలో ముగించిరి. మామూలుగానే యున్నదని కాగితమిచ్చిరి. నేను కొబ్బరికాయ కొట్టితిని. నమస్కారములు మాత్రము ఆగలేదు. పండ్రెండు దినముల పిదప మా అల్లుడు సెలవు పెట్టి వచ్చి, మమ్ములను దూరముననున్న పిల్లల వైద్యురాలియొద్దకు తీసికొనిపోయినాడు. ఆమె కాగితము చూచి ప్రక్కన పెట్టి, "పరీక్ష చేసేటప్పుడు పాప నిద్రపోయిందా, తాతగారూ?" అని యడిగినది.

"లేదమ్మా, ఏడుస్తూనే ఉంది."

"అయితే అది సరిపోదు. ఈ జబ్బు తొలిరోజుల్లో మెలకువలో దాక్కుంటుంది, నిద్రలో బయటపడుతుంది. పాప చేసేది ఎవరైనా వీడియో తీశారా?"

నేను సెల్‌ఫోను తీసి ఇచ్చితిని. బంధువులకు గొప్పగా పంపిన వీడియో అది. ఆమె రెండుసార్లు చూచినది. నన్నేమియు అనలేదు. "మంచిపని చేశారు, ఇది తీసి ఉంచారు" అన్నది. ఆ మాట నన్నెంత బాధించెనో ఆమె యెరుగదు.

పరీక్ష యెట్లు చేయుదురో తల్లులకు తెలియుట మంచిది. ముందునాడు బిడ్డకు తలంటి, నూనె రాయక తీసికొనిపోవలెను. సరిగా పరీక్షవేళకు కునుకు పట్టునట్లు అంతకుముందు మేలుకొల్పి యుంచవలెను. పాలు అచ్చటనే పట్టవలెను. తలపై టేపుతో కొలిచి, 1958లో జాస్పరు అను వైద్యుడు ప్రకటించిన కొలతల ప్రకారము గుర్తులు పెట్టుదురు. పొలము కొలిచినట్లే, పుఱ్ఱె పొడవును పదవ వంతులు ఐదవ వంతులుగా విభజించి, సుమారు ఇరువదియొక్క చోటుల జిగురుతో చిన్న బిళ్ళలంటింతురు. సూది లేదు, నొప్పి లేదు. తలలోనికి విద్యుత్తు పంపరు. వచ్చుదానిని మాత్రము వినెదరు. కరెంటు పెట్టుదురని మన యూరిలో కొందరు భయపడుచున్నారు గనుక దీనిని మరల చెప్పుచున్నాను. పిల్లలు కొంచెము పెద్దవారైనచో కాగితపు గాలిచక్రమును ఊదించి వేగముగ ఊపిరి తీయించుదురు, దీపమును మినుకుమినుకుమనిపింతురు. ఒకప్పుడు కలములు కాగితముపై గీసెడివి. ఇప్పుడు కంప్యూటరు తెరపై నడచును. ప్రక్కనే కెమేరా కూడ నున్నచో ఒంటి కదలికను, మెదడు గీతను ఒకేసారి పోల్చి చూడవచ్చును.

మా పిల్ల తల్లి ఒడిలో నిద్రపోయినది. నిద్రపట్టిన కొలదిసేపటికే తెరపై ఆ తుపాను లేచినది. నిద్రలేచి తల వంచినప్పుడెల్ల గీతలు ఒక్కసారి పెద్దగా లేచి అణగిపోవుచున్నవి. ఇది నమస్కారము కాదని నాకు నా కన్నులే చెప్పినవి. ఆ సాయంకాలమే ప్రెడ్నిసొలోన్ మందు మొదలిడిరి. ఇట్టి బిడ్డలకు హార్మోను సూదులు కాని, ఈ మందు కాని, విగబాట్రిన్ అను మందు కాని ఇత్తురు. ఏది తగునో వైద్యులు నిర్ణయింతురు. హార్మోను మందు సూదులతో ఈ మూర్ఛలు తగ్గునని బెల్జియమునందు 1958లో మొదట తెలిసెనట. రక్తపు పోటును, జ్వరములను కనిపెట్టుచుండవలసి వచ్చినది. రెండు వారములకు మరల నిద్రలో పటము తీసిరి. సముద్రము శాంతించినది.

చిట్టాలో తేదీ లేని పద్దు ఉండరాదు. తొలి నమస్కారమునుండి మందు పడిన సాయంకాలమువరకు నలువదిరెండు దినములు. ఈ వ్యాధిలో చికిత్స ఆలస్యమైన కొలది బుద్ధివికాసమునకు హాని హెచ్చునని వైద్యులు చెప్పుదురు. ఆ నలువదిరెండును నా పేరనే వ్రాసికొంటిని.

కాని సభాసదులారా, ప్రతి మూర్ఛకును యంత్రమునొద్దకు పరుగెత్తవలెనని నా అభిప్రాయము కాదు. ఆరు నెలలు మొదలు ఐదేండ్లవరకు జ్వరముతో ఫిట్సు వచ్చు పిల్లలు నూటికి ఇద్దరు మొదలు ఐదుగురు వరకుందురు. ఒళ్ళంతయు కొట్టుకొని, పదునైదు నిమిషములలోపుననే తగ్గి, ఆ దినమున మరల రాక, పిల్ల తిరిగి మామూలైనచో దానికి ఇ.ఇ.జి. అవసరము లేదని పిల్లల వైద్యుల నిర్ణయము. జ్వరమునకు కారణము వైద్యునికి చూపుట ముఖ్యము. ఏడ్చి యేడ్చి ఊపిరి బిగబట్టి నీలిరంగునకు తిరుగు మొండిపిల్లలకును ఇది మూర్ఛవ్యాధి కాదు.

మరియొక మాట. పటము మామూలుగా నున్నంతమాత్రమున వ్యాధి లేదని చెప్పరాదు. మూర్ఛవ్యాధి నిజముగ నున్నవారిలోనే మొదటి పటమున సుమారు సగముమందికే గుర్తు కనబడును. మా బిడ్డ విషయమున మోసపోయినది అందువలననే. తిరుగవేసి చూచినచో, ఏ జబ్బును లేని పిల్లలలో కొద్దిమందికి కూడ మొనలు కనబడును. అట్టివారికి పటము చూచి మందులు పోయుట తప్పు. పటము సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు. మొదటి సాక్షి తల్లి. ఏ వేళకు వచ్చినది, మొదట ఏ వైపు లాగినది, కన్నులు ఎటు తిరిగినవి, ఎంతసేపుండినది, పిమ్మట నిద్రపోయినదా యను ఈ ప్రశ్నలకు జవాబు యంత్రమునొద్ద లేదు.

ఉపాధ్యాయులు ముందు వరుసలోనే ఉన్నారు, వారికొక విన్నపము. నాలుగేండ్లు మొదలు పదేండ్లవరకు కొందరు పిల్లలు పాఠము నడుమ పది సెకనులు బొమ్మవలె చూచి, తిరిగి పలకపై వ్రాసికొందురు. దినమునకు పెక్కు మారులు. పరధ్యానమని మనము బెత్తమెత్తుదుము. ఇదియే 1935లో ఆ ముగ్గురు చూచిన వ్యాధి. మూడు నిమిషములు గాలిచక్రమూదించినచో వైద్యుని కన్నులయెదుటనే అది వచ్చును, తెరపై సెకనునకు మూడేసి మొనలు లేచును. ఇచ్చట పటము చూడక మందు వేయుట ప్రమాదము. మరియొక విధమగు మూర్ఛకు అమృతమువంటి కార్బమజపీను ఈ పిల్లలలో వ్యాధిని పెంచవచ్చును. మరికొందరు పిల్లలకు నిద్రలో మూతి ఒకవైపు లాగి, నోట జొల్లు కారి, మాట రాక, స్పృహ మాత్రము ఉండును. దాని మొనలును నిద్రపటములోనే దట్టముగ కానవచ్చును. వైద్యులు దానిని గుర్తించిరా, తల్లిదండ్రులకు సగము భారము దిగిపోవును. ఎందుకనగా అది పదునైదు పదునారేండ్లు వచ్చునప్పటికి తానై పోవునట్టిది.

పుట్టిన దినములలోని శిశువుల సంగతి యింకను సూక్ష్మము. పుట్టగనే ఏడ్వని బిడ్డకు మూర్ఛ వచ్చుచున్నను ఒంటిపై ఏమియు కనబడకపోవచ్చును. పెదవులు చప్పరించుటయో, కాళ్ళు సైకిలు త్రొక్కినట్లాడించుటయో అంతే. కనుకనే అట్టి బిడ్డల తలపై బిళ్ళలుంచి గంటల తరబడి కనిపెట్టుదురు.

ఫిట్సు వచ్చినపుడు చేయవలసినది కొంచెమే. బిడ్డను ప్రక్కకు ఒత్తిగిలి పడుకొనబెట్టుడు. చేతిలో తాళపుచెవులు పెట్టవద్దు, నోట నీరు పోయవద్దు, పండ్ల నడుమ చెంచా జొనుపవద్దు, గట్టిగ పట్టుకొనవద్దు. గడియారము చూడుడు. ఐదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తీసికొనిపొండు. చేతులు ఖాళీగానున్న వారెవరైన వీడియో తీయుడు. సిగ్గుపడి దాచవద్దు. ఆడపిల్లకు పెండ్లి కాదని దాచువారున్నారు. హిందూ వివాహ చట్టములో ఈ వ్యాధి ఒక అడ్డంకిగా నుండెడి మాటను 1999లోనే తొలగించినారని వారికి చెప్పుడు. ప్రపంచమున ఐదు కోట్లమందికీ వ్యాధి కలదనియు, తగిన చికిత్స దొరికినచో వారిలో నూటికి డెబ్బదిమంది మూర్ఛలు లేకుండ బ్రదుకగలరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్రాసినది.

మా మనుమరాలికి ఇప్పుడు నాలుగేండ్లు. నడక ఆలస్యముగ వచ్చినది, మాట ఇంకను ఆలస్యముగ వచ్చినది. తోటివారికంటె వాక్యములు పొట్టివి. మందు ఆగి రెండేండ్లయినది, మూర్ఛలు మరల రాలేదు. మొన్న శనివారము ఈ గ్రంథాలయపు మెట్లు ఎక్కి, బొమ్మల పుస్తకము తీసికొని తలక్రిందులుగా పట్టుకొని చదివినది. ఆమె రెండు పటముల నకళ్ళను, మా అమ్మాయి అనుమతితో, పేరు చెరిపి, పత్రికల బల్లపై నుంచితిని. తుపాను పటమొకటి, శాంతించిన పటమొకటి. చూడదలచినవారు చూడవచ్చును. నా తరువాత హరిదాసుగారు వేచియున్నారు. సెలవు.